వార్డులోకి రంగులు రానివ్వండి

(ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, రెండు రాష్ట్రాల వైద్య విద్యా శాఖల అధికారులకు ఒక బహిరంగ లేఖ)

అయ్యా, అమ్మా,

నేను ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మీ ఆసుపత్రుల్లో నెలల తరబడి ఉండాల్సిన వాళ్ళు, నెలల తరబడి వచ్చిపోవాల్సిన వాళ్ళు ఉన్నారు కదా: డయాలసిస్ వాళ్ళు, కేన్సర్ వాళ్ళు, టీబీ వాళ్ళు, మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళ కోసం కాసిన్ని కాగితాలు, రంగులు, వారానికి ఒక మధ్యాహ్నం, పక్కన కూర్చోవడానికి బొమ్మలు తెలిసిన ఒక మనిషి, ఇంతవరకూ ఏర్పాటు చెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. దీంతోపాటు ఒక షరతు కూడా పెడుతున్నాను. రోగులు ఏ బొమ్మ వేసినా వెయ్యనివ్వాలి. "మంచి బొమ్మ వెయ్యి, సంతోషంగా ఉండేది వెయ్యి" అని ఎవరూ చెప్పకూడదు.

షరతు ఎందుకంటే, మన ఆసుపత్రుల్లో బొమ్మలు లేక కాదు. పిల్లల వార్డు గోడమీద కార్టూన్లుంటాయి. కారిడార్‌లో కొబ్బరిచెట్లు, సూర్యోదయం, చేతులు కడుక్కోమనే బొమ్మలుంటాయి. వాటిని తప్పుపట్టను. కానీ అవన్నీ బాగున్నవాళ్ళు రోగులకు చూపించడానికి వేసినవి. రోగి తన లోపలిది బయటికి తీసి చూపించడానికి మాత్రం అక్కడ ఒక చదరపు అడుగు కూడా లేదు.

మీ దగ్గర నొప్పి కొలిచే పద్ధతి ఒకటుంది. సున్నా నుంచి పది దాకా ఒక నంబరు చెప్పమంటారు. చిన్నపిల్లలకైతే నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా ఆరు మొహాలు చూపించి "నీది ఏది?" అని అడుగుతారు. అంటే మాటలు చాలని చోట బొమ్మ పని చేస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో ఒప్పుకుంది. నేనడిగేది ఆ ఆరు మొహాల దగ్గరే ఆగిపోవద్దనే. ఏడో మొహం రోగినే గియ్యనివ్వండి.

ఎడ్వర్డ్ మూంక్ పేరు మీరు వినే ఉంటారు. నార్వే చిత్రకారుడు. వంతెన మీద చెవులు మూసుకుని అరుస్తున్న మనిషి బొమ్మ ఆయనదే. నేను మీకు చూపించాలనుకుంటున్నది ఆ బొమ్మ కాదు, దానికంటే ముందు, ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన మొదలుపెట్టిన 'జబ్బుపడ్డ పిల్ల' అనే చిత్రం. మూంక్‌కి ఐదేళ్ళప్పుడు, 1868లో, తల్లి టీబీతో పోయింది. 1877లో అక్క సోఫీ అదే జబ్బుతో పదిహేనేళ్ళకే పోయింది. వాళ్ళ నాన్న సైన్యంలో డాక్టరు. ఇంట్లో డాక్టరుండి కూడా చెయ్యగలిగింది లేకపోయింది, అప్పటికి టీబీకి మందు లేదు. ఆయన గొప్ప భక్తిపరుడు కూడా, దేవుడి భయం ఇంటినిండా ఉండేది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు పెద్దయి కుంచె పట్టుకున్నప్పుడు అక్క మంచమే కళ్ళముందుకొచ్చింది.

ఆ బొమ్మలో ఒక పిల్ల పెద్ద తెల్లటి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంటుంది. ఎర్రటి జుట్టు చెమటకి తలకి అంటుకుపోయినట్టుంటుంది. మొహం పక్కకి, కిటికీ తెరవైపు తిరిగి ఉంటుంది. పక్కన ఒక పెద్దావిడ తల పూర్తిగా దించేసి ఉంటుంది, ఆమె మొహం మనకి కనపడదు. ఇద్దరి చేతులూ కలిసిన చోట వేళ్ళు విడిగా గియ్యలేదు, ఒక మసక ముద్దలాగా వదిలేశాడు. బల్లమీద మందుసీసా ఒకటి. రంగు వేసి, ఆరాక గీకేసి, మళ్ళీ వేసి, మళ్ళీ గీకాడు. ఆ గీకుళ్ళు ఇప్పటికీ కాన్వాసు మీద కనపడతాయి. 1886లో క్రిస్టియానియాలో (అదే ఇప్పటి ఓస్లో) ప్రదర్శనలో పెడితే జనం వెక్కిరించారు. పూర్తికాని బొమ్మ తెచ్చి పెట్టాడన్నారు. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. నలభై ఏళ్ళ వ్యవధిలో అదే బొమ్మని రంగుల్లో ఆరుసార్లు వేశాడు.

ఆరుసార్లు ఎందుకు వేశాడో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న ఏ అటెండెంటునడిగినా చెబుతారు. ఆ దృశ్యం ఒకసారి చూస్తే పోయేది కాదు.

1893లో ఇంకో బొమ్మ వేశాడు, 'రోగి గదిలో చావు' అని. చావబోతున్న సోఫీ అందులో దాదాపు కనపడదు, కుర్చీలో అటు తిరిగి కూర్చుని ఉంటుంది. కనపడేదంతా చుట్టూ ఉన్న కుటుంబమే. తండ్రి చేతులు జోడించి ప్రార్థన చేస్తుంటాడు. ఒక చెల్లెలు కూర్చుని తల వంచుకుంటుంది. ఒకామె మనవైపు సూటిగా చూస్తుంది. ఒకే గదిలో ఉన్నా ఒక్కరూ ఇంకొకరి మొహం చూడరు. సోఫీ పోయి అప్పటికి పదహారేళ్ళయింది. ఆ గదిలోని అన్నాచెల్లెళ్ళని మూంక్ చిన్నపిల్లలుగా వెయ్యలేదు, 1893 నాటి వాళ్ళ వయసుతో వేశాడు. అక్క చావు దగ్గరే వాళ్ళంతా ఇంకా నిలబడి ఉన్నారన్నమాట. మీ ఐసీయూ బయట బెంచీల మీద కూర్చున్న కుటుంబాలని ఒకసారి చూసి, తర్వాత ఈ బొమ్మ చూడండి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఆ బొమ్మ మనకి దూరపుది కాదు.

మూంక్ కథలో డాక్టర్లు తెలుసుకోవాల్సిన భాగం ఇంకొకటుంది. 1908లో ఆయన మనసు పూర్తిగా చెదిరిపోయింది. తాగుడు, లేనివి కనిపించడం, వినిపించడం. కోపెన్‌హేగన్‌లో డేనియల్ యాకబ్సన్ అనే డాక్టరు క్లినిక్‌లో నెలల పాటు ఉన్నాడు. ఆ డాక్టరు ఆయన కుంచెలు లాక్కోలేదు. క్లినిక్‌లోనే బొమ్మలు వేసుకున్నాడు, ఆ డాక్టరు బొమ్మ కూడా నిలువెత్తున వేశాడు. అక్కడినుంచి వచ్చాక ఓస్లో విశ్వవిద్యాలయం హాలు కోసం ఒక పెద్ద సూర్యుణ్ణి వేశాడు. సముద్రం మీద, రాళ్ళ మీద, హాలులో కూర్చున్న అందరి మీద ఆ కిరణాలు పడుతున్నట్టుంటుంది. దేవుడి పేరు ఎత్తకుండానే అది ఒక పూజలాగా ఉంటుంది. అక్క మంచం పక్కనున్న చీకటిని అన్నేళ్ళు వెయ్యనిచ్చారు కాబట్టే ఆ వెలుగు కూడా వచ్చిందని నా నమ్మకం. మొదట్లోనే "ఇలాంటివొద్దు, సూర్యుణ్ణి వెయ్యి" అని ఉంటే ఆ సూర్యుడు కేలండరు బొమ్మయి ఉండేవాడు.

ఆసుపత్రికి, బొమ్మకి, దేవుడికి సంబంధం నేను కొత్తగా కలుపుతున్నది కాదు. ఇప్పటి ఫ్రాన్సులో ఐసెన్‌హైమ్ అనే ఊళ్ళో ఐదువందల ఏళ్ళ కిందట సన్యాసులు నడిపే ఆసుపత్రి ఒకటుండేది. రై అనే ధాన్యానికి పట్టే బూజు వల్ల వచ్చే ఒక భయంకరమైన జబ్బుకి అక్కడ వైద్యం చేసేవాళ్ళు. ఒళ్ళంతా మంటలు, వేళ్ళు నల్లబడి కుళ్ళిపోవడం, కాళ్ళూ చేతులూ తీసేయాల్సి రావడం. ఆ సన్యాసులు 1512, 1516 మధ్య గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడి చేత తమ ప్రార్థనాలయానికి పెద్ద పెద్ద చెక్క పలకల మీద బొమ్మలు వేయించారు. అందులో శిలువ మీది క్రీస్తు ఒళ్ళంతా పుళ్ళు. చర్మం ఆకుపచ్చగా మారింది, వేళ్ళు వంకర్లుపోయాయి. ఇంకో పలకలో కింద మూలన పొట్ట ఉబ్బి, ఒళ్ళంతా కురుపులతో ఒక మనిషి పడి ఉంటాడు. రోగులని తీసుకొచ్చి వీటి ముందు కూర్చోబెట్టేవాళ్ళు. ఆ మంచాల మీది మనుషులు తమ ఒంటి మీది పుండే దేవుడి ఒంటి మీద చూశారు. ఇంకొన్ని పలకలు తెరిస్తే అదే క్రీస్తు ఒళ్ళంతా ఉన్న ఆ పుళ్ళు లేకుండా వెలుగులో పైకి లేస్తూ కనపడతాడు. ముందు పుండు, తర్వాతే వెలుగు. కోల్మార్ పట్టణంలోని మ్యూజియంలో ఇప్పటికీ ఆ పలకలున్నాయి.

మన దగ్గర కూడా జబ్బుకి మొహం ఉండేది. మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు, పోలేరమ్మకి, పోచమ్మకి మొక్కుకునేవాళ్ళు. ఒంట్లో బాగైతే వెండితో చేసిన కళ్ళో, కాలో, చెయ్యో తెచ్చి దేవుడికి సమర్పించేవాళ్ళు, ఇప్పటికీ సమర్పిస్తున్నారు. మెక్సికోలో ఇలాగే జబ్బు తగ్గినవాళ్ళు చిన్న రేకు మీద మంచాన్ని, రోగిని, పైన దేవతని గీయించి గుడిలో పెట్టే ఆచారముంది. అక్కడి చిత్రకారిణి ఫ్రీడా కాలో బస్సు ప్రమాదంలో వెన్నెముక విరిగి, కట్లతో మంచానికి అతుక్కుపోయినప్పుడు మంచం పైన అద్దం పెట్టించుకుని తన మొహం తానే చూసి గీసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత తన ఆపరేషన్లని, పోయిన బిడ్డని కూడా ఆ రేకు బొమ్మల పద్ధతిలోనే వేసుకుంది. 1932లో ఆసుపత్రి మంచం మీద రక్తపు మడుగులో ఉన్న తన బొమ్మ అలాంటిదే. మనం వెండి కళ్ళు సమర్పించే జాతి. ఒంటి బాధని ఒక ఆకారంగా చేసి ఇంకొకరి ముందు పెట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. (మశూచి ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను, రాజమండ్రి దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో మశూచితోనే పోయారు. ఆయన పేరుతో ఉన్న గ్యాలరీకి వెళ్ళినప్పుడల్లా నాకు బొమ్మల కంటే ముందు ఆ సంగతే గుర్తొస్తుంది.)

ఇక నేను కళ్ళారా చూసింది చెబుతాను.

మా అమ్మ చివరి రోజుల్లో డయాలసిస్ మీద ఉండేది. ఏ ఊళ్ళో, ఏ కేంద్రంలో అన్నది ఇక్కడ అనవసరం. డయాలసిస్ సంగతి మీకు నేను చెప్పేదేముంది, వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి సిద్ధం చేసిన రక్తనాళం) ఉన్న చెయ్యి కదపకూడదు. కానీ సాధారణంగా ఆ ఫిస్టులా రోజూ వాడే చేతికి కాకుండా రెండో చేతికే పెడతారు. అంటే ఆ నాలుగు గంటలూ అన్నం తినే చెయ్యి, రాసే చెయ్యి ఖాళీగానే ఉంటుంది. ఆ చేత్తో ఏం చేస్తారు? కొందరు ఫోన్ చూస్తారు. చాలామంది ఏమీ చెయ్యరు, మెషీన్ మీది అంకెల్నో ఫ్యాన్‌నో చూస్తూ పడుకుంటారు.

నా సంచీలో ఎప్పుడూ స్కెచ్ పెన్నులుంటాయి. అమ్మ పక్క బెడ్డులో ఒక పెద్దావిడ ఉండేది. ఒకసారి నేను అమ్మకి ఏదో గీసి చూపిస్తుంటే ఆవిడ అటే చూస్తోంది. "మీరూ వేస్తారా పెద్దమ్మా?" అన్నాను. "నాకేం బొమ్మలొచ్చు తల్లీ, ముగ్గులు తప్ప" అంది. పాత రిపోర్టు ఒకటి తిప్పి, అట్ట మీద పెట్టి ఇచ్చాను. ముందు చుక్కలు పెట్టింది. కుడిచెయ్యి వణుకుతున్నా చుక్కల వరస మాత్రం తప్పలేదు. తర్వాత మెలికల ముగ్గు మొదలుపెట్టింది, ఎర్ర పెన్నుతో. చుక్కల చుట్టూ గీత తిరిగి తిరిగి వచ్చి మొదలుపెట్టిన చోటే కలిసింది. అంతవరకూ ఏ వాకిట్లోనైనా ఉండే ముగ్గే. అప్పుడు నడిమధ్యన, మామూలుగా పద్మం పెట్టే చోట, నిలువుగా ఒక పెట్టె గీసింది. అది డయాలసిస్ మెషీన్. ముగ్గు గీతని తెచ్చి ఆ పెట్టెలోకి పంపి, ఇవతలినుంచి తీసింది. "ఇది నాలోంచి పోయి దాంట్లో తిరిగి మళ్ళీ నాలోకే వస్తంది కదమ్మా" అంది. పెట్టె పైన పసుపు పచ్చగా ఒక మొహం, నుదుటన బొట్టు, పక్కన రెండు వేపమండలు. "ఎవరు పెద్దమ్మా?" అంటే, "ఇంకెవరు, నన్ను చూసుకునే తల్లి" అంది. మెషీన్‌ని అన్నదో, అమ్మవారిని అన్నదో నేను రెట్టించి అడగలేదు.

డ్రాయింగ్ చెబుతూ బతికినదాన్ని. ఎన్నో బొమ్మలు చూశాను, దిద్దాను. జబ్బు, భయం, నమ్మకం మూడూ ఒకే గీతలో ఉన్న బొమ్మ మాత్రం నా ఎదురుగా పుట్టడం అక్కడే చూశాను.

కాసేపటికి సూపర్‌వైజర్ వచ్చి "ఇదేమైనా స్కూలా, బెడ్‌షీట్లు పాడైతే ఎవరు కడతారు" అని పెన్నులు తీయించేశారు. ఆయన మీద ఫిర్యాదు చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆయనకున్న టెన్షన్లు ఆయనవి. రోగి చేతికి పెన్ను ఇవ్వవచ్చు అని ఆయనకి ఏ కాగితం మీదా ఎవరూ రాసివ్వలేదు. ఆ కాగితమే మీరు ఇవ్వాలి. ఆ పెద్దావిడ తర్వాత ఎప్పుడడిగినా "వద్దులే తల్లీ, కోప్పడతారు" అనేది.

ఇది ప్రభుత్వ ఆసుపత్రిలో కుదిరే పని కాదని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నీజ్ ద సిల్వెయిరా గురించి చెబుతాను. బ్రెజిల్‌లో ఆవిడ మానసిక వైద్యురాలు. రాజకీయ కారణాలతో జైల్లో ఉండి వచ్చాక 1944లో రియోలోని ఒక పెద్ద ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో చేరింది. అప్పుడు రోగులకి కరెంటు షాకులు, మెదడు కోసే ఆపరేషన్లు చేసే కాలం. వాటిని తను చెయ్యనంది. అయితే ఎవరూ పట్టించుకోని వృత్తి చికిత్స విభాగం చూసుకోమన్నారు. ఆ విభాగం పేరుతో అప్పటిదాకా రోగుల చేత ఊడ్పించడం, తుడిపించడం చేయించేవాళ్ళు. 1946లో ఆవిడ అక్కడ చిత్రలేఖనం గది తెరిచింది. నేర్పడం తక్కువ, పక్కన ఉండడం ఎక్కువ. ఏళ్ళ తరబడి మాట లేని మనుషులు రంగుల్లో మాట్లాడారు. 1952 నాటికి ఆ బొమ్మలతో ఆసుపత్రి ఆవరణలోనే ఒక మ్యూజియం పెట్టింది, అది ఇప్పటికీ ఉంది. ఫెర్నాందో దినీజ్, అదెలీనా గోమెస్ లాంటి రోగులు ఆ దేశంలో చిత్రకారులుగా పేరు తెచ్చుకున్నారు.

ఆవిడ ఒకటి గమనించింది. మనసు ముక్కలైపోయిందని అందరూ అనుకునే రోగులు మళ్ళీ మళ్ళీ గుండ్రటి బొమ్మలు, మధ్యలో కేంద్రం పెట్టి చుట్టూ అల్లిన బొమ్మలు వేస్తున్నారు. వాటి ఫొటోలు తీసి 1954లో స్విట్జర్లాండ్‌లోని మనస్తత్వవేత్త యుంగ్‌కి ఉత్తరం రాసింది, ఇవి మండలాలేనా (ధ్యానానికి గీసే చక్రాల్లాంటి బొమ్మలేనా) అని. అవునని జవాబొచ్చింది. చెదిరిన మనసు తనని తాను కూడగట్టుకునే ప్రయత్నం అందులో ఉందని ఇద్దరూ నమ్మారు. ఇది చదివినప్పుడు నాకు ఆ డయాలసిస్ పెద్దమ్మ చుక్కలు గుర్తొచ్చాయి. మన ఆడవాళ్ళు తెల్లవారుజామున లేచి ప్రతిరోజూ వాకిట్లో చేసే పని అదే. బొమ్మలు రావని చెప్పే ప్రతి ఆడమనిషికీ మన వార్డుల్లో ఆ ఒక్కటైనా వచ్చు. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు మీకు వచ్చే సందేహాల దగ్గరికి వస్తాను.

దీనివల్ల జబ్బు తగ్గుతుందా? తగ్గదు. కిడ్నీ జబ్బుని కొలిచే క్రియాటినిన్ దిగదు, గడ్డ కరగదు. అలా ఎవరైనా చెబితే మీరు నమ్మొద్దు, రోగిని నమ్మనివ్వొద్దు. మందుల బదులు రంగులు అనేవాళ్ళని నేనూ దగ్గరికి రానివ్వను. కానీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3,000కి పైగా అధ్యయనాలని కలిపి చూసి, కళలు ఆందోళన తగ్గించడానికి, నొప్పి ఓర్చుకోవడానికి, చికిత్సలో సహకరించడానికి తోడ్పడతాయని నివేదిక ఇచ్చింది. దానికంటే ముందే 1938లో ఇంగ్లండ్‌లో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు టీబీతో శానటోరియంలో పడి ఉండి, మంచం మీదే బొమ్మలు వేసుకుంటూ, తర్వాత తోటి రోగులకి కూడా నేర్పాడు. 'ఆర్ట్ థెరపీ' అనే పేరు అలా టీబీ వార్డులోంచే వచ్చింది.

ఇన్ఫెక్షన్ వస్తుందంటారు. న్యాయమైన మాట. అందుకే ఆయిల్ రంగులు, టర్పెంటైన్ వద్దు, ఆ వాసన ఊపిరితిత్తుల రోగులు భరించలేరు. మైనపు క్రేయాన్లు, స్కెచ్ పెన్నులు, రంగు పెన్సిళ్ళు చాలు. ఎవరి డబ్బా వాళ్ళది, దానిమీద పేరు. కీమో వల్ల తెల్లకణాలు పడిపోయినవాళ్ళకి సీలు తియ్యని కొత్త డబ్బా ఇవ్వండి, డాక్టరు వద్దన్న రోజు మానేయండి. టీబీ వార్డులో వాడినవి ఇంకో వార్డుకి తేకూడదు. మానసిక వార్డులో పదునైనవి, గాజువి ఉండకూడదు. ఇవన్నీ మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఒక పేజీలో రాసేయగలదు.

సిస్టర్లకి పని పెరుగుతుందంటారు. వాళ్ళ మీద ఇంకో పని వెయ్యమని నేను అడగను, ఇప్పటికే వాళ్ళ నడుములు విరుగుతున్నాయి. బయటినుంచి మనిషిని రానివ్వండి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. రిటైరైన డ్రాయింగ్ టీచర్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి కాగితాలకీ రంగులకీ అయ్యే ఖర్చు, మీరు ఏటా గోడలకి వేయించే సున్నం ముందు ఏపాటి?

చట్టం కూడా మీకు అడ్డం కాదు, అండ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక చికిత్సాలయంలో ఉన్న రోగికి వినోదానికి, చదువుకి, మతాచారాలు పాటించుకోడానికి తగిన సదుపాయాలు ఉండాలి. అది హక్కుల కిందే రాశారు, దయ కింద కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా గట్టిగా చెప్పాలి. రోగి బొమ్మ రోగిదే. దాన్ని చూసి "నల్లరంగు వాడాడు కాబట్టి డిప్రెషన్" అని కేస్ షీటులో రాయకండి. అనుమతి లేకుండా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మంత్రిగారొచ్చిన రోజు తోరణంలాగా కట్టకండి. జర్మనీలో ఏం జరిగిందో చూడండి. హైడెల్‌బర్గ్‌లో హన్స్ ప్రింట్స్‌హోర్న్ అనే మానసిక వైద్యుడు రోగుల బొమ్మలు వేలల్లో సేకరించి, వాటిలో కళ ఉందని 1922లో పుస్తకం రాశాడు. పదిహేనేళ్ళు తిరిగేసరికి నాజీలు అలాంటి బొమ్మల్నే తీసుకెళ్ళి, ఆధునిక చిత్రకారులని అవమానించడానికి వాళ్ళ పక్కన పెట్టి ఊరూరా ప్రదర్శించారు. ఎల్‌ఫ్రీడే లోసె-వెఖ్ట్‌లర్ అనే చిత్రకారిణి 1929లో హాంబర్గ్ మానసిక ఆసుపత్రిలో ఉన్నప్పుడు తోటి రోగుల మొహాలని దాదాపు అరవై గీసింది. ఒక్కో మొహం దగ్గరా ఎంతసేపు కూర్చుందో చూడగానే తెలుస్తుంది. తర్వాత ఆమెకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఆమె బొమ్మలు వెయ్యడం మానేసింది. 1940లో పిర్నా-సోన్నెన్‌స్టైన్ ఆసుపత్రిలో మిగతా రోగులతోపాటు ఆమెనీ గ్యాసుతో చంపేశారు. చంపింది కూడా ఆసుపత్రే. అందుకే అనుమతి విషయంలో నేను ఇంత పట్టుబడుతున్నాను. మన 2017 చట్టం కూడా రోగి ఒప్పుకోకుండా అతని ఫొటో గానీ, వివరాలు గానీ మీడియాకి ఇవ్వకూడదని చెబుతోంది. బొమ్మకీ అదే పాటించండి. ఇంటికి తీసుకెళ్తానంటే ఇచ్చేయండి, చింపేస్తానంటే చింపనివ్వండి.

దేవుడి సంగతి కూడా తప్పకుండా వస్తుంది. మన రోగుల్లో చాలామంది వేసే మొదటి బొమ్మ దేవుడిదే అవుతుంది. వెంకన్న నామం, దర్గా, శిలువ, ఊరి చివర వేపచెట్టు. ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి మతం బొమ్మలొద్దని ఎవరూ అనకూడదు. దేవుణ్ణే వెయ్యమని కూడా అనకూడదు. దేవుడి మీద కోపంతో వేసినా, దేవుడే లేడని ఖాళీ కాగితం ఇచ్చినా తీసుకోవాలి. శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ పుట్టుకనుంచీ చూపు సరిగాలేని చిత్రకారుడు. 1946, 47లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు భక్తుల్ని, కబీరుని, సూరదాసుని, ఊళ్ళలో జనం మధ్య నడిచే మనుషులుగా వేశాడు. దాదాపు పదేళ్ళ తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా కాగితాలు కత్తిరించి, చేత్తో తడిమి బొమ్మలు చేశాడు, పిల్లలకి పాఠం చెప్పాడు. బరోడాలో చిత్రకారుడు భూపేన్ ఖక్కర్ చివరి ఏళ్ళలో ప్రోస్టేట్ కేన్సర్‌తో బాధపడుతూ, మలవిసర్జన కూడా నరకమైన ఒంటిని మొహమాటం లేకుండా వేశాడు. కడుపులో తూటా దిగిన మనిషిని వేశాడు. చూడ్డానికి కష్టంగా ఉంటాయి. కానీ ఆ వార్డులో పనిచేసే హౌస్‌సర్జన్ ఒక్కసారి వాటి ముందు నిలబడితే, మర్నాడు రౌండ్స్‌లో "మోషన్ అయిందా?" అని అడిగే గొంతు మారుతుంది.

అందుకే వైద్య విద్యా శాఖ వారిని ప్రత్యేకంగా ఇంకొకటి అడుగుతున్నాను. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో ప్రవర్తన, నైతికత, మాట్లాడే తీరు నేర్పే 'ఏట్‌కామ్' క్లాసులున్నాయి. వాటిలో ఒక గంట స్లైడ్లు పక్కన పెట్టి, మూంక్ 'జబ్బుపడ్డ పిల్ల'నో, ఖక్కర్ బొమ్మనో తెర మీద వేసి, పిల్లల్ని పది నిమిషాలు మాట్లాడకుండా చూడమనండి. తర్వాత ఏం కనపడిందో చెప్పమనండి. డయాగ్నోసిస్ చెప్పొద్దనండి. చూడ్డం నేర్పే పని డ్రాయింగ్ టీచర్లుగా మేము చేస్తూ వచ్చిందే, కావాలంటే వచ్చి చేసిపెడతాం.

ఒక్కసారే అన్ని ఆసుపత్రుల్లో మొదలుపెట్టమని అనడం లేదు. ఉద్దానంతో మొదలుపెట్టండి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటింటా కిడ్నీ రోగులున్నారు, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పనిచేసిన చేతులు అక్కడ వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు ఖాళీగా ఉంటున్నాయి. తెలంగాణలో అయితే ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, మానసిక ఆసుపత్రి రెండూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. ఒకే టీచరు రెండిటికీ వేర్వేరు రోజుల్లో వెళ్ళవచ్చు. ఆరు నెలలు నడిపి చూడండి. ఎంతమంది మళ్ళీ రంగులు అడిగారో, ఎంతమంది వద్దన్నారో రాసి పెట్టండి, వద్దన్నవాళ్ళని బలవంతపెట్టొద్దు. మంచం మీద పెట్టుకునే చిన్న డ్రాయింగ్ బోర్డులు మాత్రం ముందే చేయించండి. రిపోర్టు అట్ట సరిపోదు, జారిపోతుంది.

నాకు తెలిసిన డ్రాయింగ్ టీచర్లం కొందరం ఉన్నాం. జీతం అడగం. ఏ వార్డు, ఏ రోజు, ఎన్నింటికి అన్నది మీ ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారి చేత ఒక కాగితం మీద రాయించి ఇస్తే చాలు, గేటు దగ్గర సెక్యూరిటీకి చూపించి లోపలికి వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్